కండ్లు తెరిపించే కంప్యూటర్

ఆషాఢమంతా ఆ డబ్బా విప్పకుండా అలమరలోనే ఉండిపోయింది. అరచేతిలో ఇమిడేంత డబ్బా. లోపల కంప్యూటర్‌కు కొత్త ప్రాసెసర్. ఆషాఢంలో కొత్త పనులు పెట్టుకోవద్దని హర్షిత్ వాళ్లమ్మ అన్నది, అది పైకి చెప్పే కారణం. అసలు కారణం, పెళ్లయిన మొదటి ఆషాఢం గనుక అరుంధతి భూపాలపల్లిలో పుట్టింట్లో ఉంది. కంప్యూటర్ సైన్సులో డిగ్రీ చేసిన భార్య పక్కన లేకుండా కంప్యూటర్ విప్పడానికి హర్షిత్‌కు మనసొప్పలేదు. నువ్వొచ్చినంకనే ఇద్దరం కలిసి పెడదామని రోజూ ఫోన్లో అనేవాడు. వీడియో కాల్లో అలమర తెరిచి, నీ సవతి ఇంకా నిద్ర లేవలేదని డబ్బాను చూపించేవాడు. పక్క గదిలో నాయిన వింటాడని అరుంధతి దుప్పటి నోట్లో కుక్కుకుని నవ్వేది.

శ్రావణం వచ్చింది, అరుంధతి పాలకుర్తికి వచ్చింది.

హర్షిత్ ఫోటో స్టూడియో బస్టాండు దాటాక ఎరువుల దుకాణం పక్కన ఉంది. ఆ పొద్దున ఇద్దరూ చెరో పక్క పట్టుకుని షట్టర్ ఎత్తారు. అంత చిన్న పనిలో కూడా అరుంధతికి పండగే. దారంతో గోడకు కట్టేసిన దువ్వెన, మూత వదులైన పౌడర్ డబ్బా, ఎవరొచ్చినా ముందు నిలబడి జుట్టు సవరించుకునే అద్దం, వెనక వేలాడే నీలం గుడ్డ, ఇవన్నీ తనకు కట్నంగా ఎదురొచ్చినట్టు చూసుకునేది. గిరాకీల ముందు మొగుడు ఆమెను "మేడం" అని పిలిచేవాడు. వాళ్లు మెట్లు దిగగానే అద్దంలో ఆమెకు కన్ను కొట్టేవాడు. హోటల్ నుంచి ఒక్క చాయ తెప్పించి రెండు గ్లాసుల్లో పోసుకునేవాళ్లు. ఇంకోటి చెప్పుకోలేక కాదు, అట్ల తాగితేనే రుచి.

ఆకాశం మబ్బు పట్టి ఉంది. పట్టపగలే ట్యూబులైటు వేసుకుని, కంప్యూటర్ పక్క మూత విప్పి, లోపలి దుమ్మును పెయింట్ బ్రష్‌తో ఊడ్చారు. పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేయాలంటే ఆ పాత ప్రాసెసర్ నడుం పట్టినట్టు మూలిగేది. దాన్ని తీసి కొత్తది పెడితే సరి, మిగిలిన కంప్యూటర్ అంతా అదే. ప్రాసెసర్ మీద కూర్చునే ఫ్యాన్‌ను హర్షిత్ పట్టుకుని పైకి లాగాడు. మధ్యలో పూసిన పేస్టు ఏళ్ల తరబడి ఎండి బంకలా గట్టిపడిందేమో, ఫ్యాన్‌తో పాటు ప్రాసెసర్ కూడా ఊడి వచ్చేసింది, పాలపన్ను ఊడినట్టు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. పాత దాన్ని ఫ్యాన్ నుంచి ఒలిచి, తిప్పి కూడా చూడకుండా పౌడర్ డబ్బా పక్కన పెట్టేశారు. కొత్త దాన్ని గూట్లో కూర్చోబెట్టి, మీద పేస్టు చుక్క పెట్టే పని అరుంధతిది. దిష్టిచుక్క పెట్టినంత మురిపెంగా పెట్టింది. దాని మీద హర్షిత్ అదే ఫ్యాన్ బిగించాడు.

స్విచ్ వేశారు. ఫ్యాన్ తిరిగింది, లోపలి బోర్డు మీద ఎర్ర దీపం వెలిగింది. తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. కొద్దిసేపటికి లోపల ఎక్కడో టక్కుమంది, ఫ్యాన్ ఆగిపోయింది. ఎవరూ ముట్టుకోకుండానే మళ్లీ తిరిగింది, మళ్లీ ఆగింది.

సరిగ్గా అప్పుడే మెట్ల మీద చెప్పులు విడిచిన చప్పుడైంది. వచ్చిన మనిషి ఎల్లక్క. యాభై దాటిన మనిషి. మరిపెడ దగ్గర అత్తగారిల్లు, దేవరుప్పుల దగ్గరి పల్లె తల్లిగారిల్లు. తల్లి భద్రమ్మ ఈమధ్యే పోయింది, రేపే పెద్దకర్మ. తల్లి ఫోటో కోసం వచ్చింది.

ఆ ఫోటో సంగతి హర్షిత్ అరుంధతికి ఫోన్లోనే చెప్పాడు. భద్రమ్మ బతికినన్నాళ్లు కెమెరా ముందు నిలబడలేదు. పెళ్లిళ్లలో ఫోటో తీసేవాడు కనబడితే కొంగు మొహానికి కప్పుకునేదట, లేదంటే దొడ్లోకి పోయేదట. ఎందుకని అడిగితే చెప్పేది కాదట. ఆధార్ కార్డులో ఒక బొమ్మ ఉంది గానీ అందులో మొహం ఉండాల్సిన చోట మసి ఉంది. అందుకే ఆమె పోయిన రోజు హర్షిత్‌ను పిలిపించారు. కుర్చీలో కూర్చోబెట్టిన శవాన్ని ఫోటో తీసుకొచ్చాడు.

అలాంటి ఫోటోకు పని చాలా ఉంటుంది. గడ్డం కింది నుంచి నెత్తికి కట్టిన గుడ్డ తీసేయాలి, ముక్కుల్లో పత్తి తీసేయాలి, నుదుటి మీద పసుపు తుడిచి బొట్టు దిద్దాలి. అన్నిటికంటే పెద్ద పని కండ్లు తెరిపించడం. ఈ పక్క ఊళ్లలో దాన్ని ఆ మాటతోనే అడుగుతారు, మా బాపుకు కండ్లు తెరిపియ్యన్నా అని. అంటే బతికున్న ఇంకో మనిషి కళ్లు తెచ్చి ఆ మొహంలో పొదగడం. హర్షిత్‌కు పని నేర్పిన పౌలన్నకు మహబూబాబాద్‌లో స్టూడియో ఉండేది. కళ్లు ఎప్పుడూ ఆ ఇంటి రక్తానివే పెట్టాలని ఆయన పట్టుదల. కొడుకువో బిడ్డవో, లేకపోతే అన్నదమ్ములవి. పరాయి కళ్లు పెడితే గోడ మీది మనిషి ఇంట్లోవాళ్లను గుర్తుపట్టడని ఆయన చెప్పేవాడట. ఇది విన్న రోజు అరుంధతి ఒళ్లు జలదరించి, ఆ రాత్రి లైటు ఆర్పనివ్వలేదు.

"అయిపోయింది అక్కా. ఇగ ప్రింటు తీసుడే" అని హర్షిత్ ఎల్లక్కకు బెంచీ చూపించాడు. అంటూనే అరుంధతి వైపు చూశాడు. ఆ చూపులో ఉన్నదేమిటో ఆమెకు వెంటనే అర్థమైంది. ఆ ఫోటో ఈ కంప్యూటర్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. కెమెరా కార్డు చెరిపేసి ఎవరివో శ్రావణం పెళ్లి ఫోటోలు తీసుకున్నాడు. ప్రింటు తీశాకే ప్రాసెసర్ మార్చుదామని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. కలిసి కూర్చుని మరలు విప్పే సంబురంలో రేపటి పెద్దకర్మ ఎవరికి గుర్తుంటుంది?

ఫ్యాన్ తిరిగింది, ఆగింది. మళ్లీ తిరిగింది.

ఎల్లక్క ఆ పెట్టె వైపే చూస్తూ కూర్చుంది. తల్లిని తలుచుకుని, ఎవరితోనూ కాదన్నట్టు అన్నది. "మా అవ్వ ఆఖర్న గిట్లనే తీసిందట ఊపిరి. అయిపోయిందనుకుంటే మల్ల తీసిందట."

ఆ మాట తర్వాత అరుంధతికి ఆ చప్పుడు ఫ్యాన్ చప్పుడులా వినిపించలేదు. లోపలికి పీల్చడం, ఆగడం, ఎక్కడో గొంతులో టక్కుమనడం. పరుగున పోయి స్విచ్ ఆపేసింది.

ఎల్లక్కకు ఉన్నది ఉన్నట్టు చెప్పాల్సిందేనని అరుంధతి అనుకుంది. బెంచీ మీద పక్కన కూర్చుని చెప్పింది. కంప్యూటర్ లేస్తలేదని, ఫోటో అందులో ఉన్నదని, లేపడానికే చూస్తున్నామని. ఎల్లక్క కోప్పడలేదు. రేపు ఊరంతా వస్తదని, దండ వేయడానికి అవ్వ మొహం ఉండాలె కదా బిడ్డా అని మాత్రం అన్నది. చనిపోయిన నాడు తాను మరిపెడ నుంచి బస్సులు మారి వచ్చేసరికి ఆలస్యమైందని, తల్లి మొహం కాసేపే చూసుకోనిచ్చారని, మబ్బు పట్టింది తొందరగా లేపాలని అందరూ తొందరపెట్టారని చెప్పింది. ఇప్పుడా మొహం తలుచుకుంటే సగమే గుర్తొస్తుందట. ముక్కు గుర్తొస్తే గదువ, అంటే గడ్డం, పోతుందట.

అరుంధతి కొంగు బొడ్లో దోపుకుంది. క్లాసులో చదివిన వరస గుర్తు చేసుకుంది. కొత్త ప్రాసెసర్ పెట్టాక తెర రాకపోతే ముందు ర్యామ్ పట్టీలు తీసి పెట్టాలి. తీసింది, పెన్సిల్ రబ్బరుతో వాటి ఇత్తడి రంగు అంచులు రుద్దింది, ఒకే పట్టీ పెట్టింది. నల్ల తెర. ప్రాసెసర్‌కు విడిగా వచ్చే కరెంటు తీగ వదులైందేమోనని హర్షిత్ ఊడదీసి మళ్లీ నొక్కాడు. నల్ల తెర. అద్దంలాంటి ఆ నలుపులో వెనక బెంచీ మీద కూర్చున్న ఎల్లక్క కనిపిస్తోంది. ఒక్కోసారి ఆమె తల మీద కొంగు ఉన్నట్టు, ఒక్కోసారి లేనట్టు. తిరిగి చూస్తే కొంగు భుజం మీదే ఉంది. గాలికి ట్యూబులైటు నీడ ఊగుతోందిలే అని అరుంధతి తనకు తాను చెప్పుకుంది.

చివరగా బోర్డు మీద రూపాయి బిళ్లంత గుండ్రటి బ్యాటరీ ఉంటుంది. కంప్యూటర్ నిద్రపోయినప్పుడు కూడా తన పాత అలవాట్లు మర్చిపోకుండా అదే కాపాడుతుంది. అది తీసి కాసేపు బయట ఉంచితే, పాత ప్రాసెసర్ అలవాట్లు మరిచి కొత్త దాన్ని ఒప్పుకుంటుందేమో. హర్షిత్ గోటితో బ్యాటరీ లేపాడు. ఈలోపు వాన మొదలైంది. ముగ్గురూ వాన చూస్తూ కూర్చున్నారు. హర్షిత్ చెయ్యి అరుంధతి చెయ్యి మీదకు వచ్చింది, ఎల్లక్క ఉన్నదని గుర్తొచ్చి మళ్లీ వెనక్కి పోయింది. అంత పరేషానీలో కూడా అరుంధతికి లోపల చక్కిలిగింత పెట్టినట్టైంది.

బ్యాటరీ మళ్లీ పెట్టి స్విచ్ వేశారు. ఫ్యాన్ తిరిగింది. ఈసారి ఆగలేదు. నల్ల తెర మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి.

హర్షిత్ సంతోషంతో కీబోర్డు మీదకు వంగాడు. కంప్యూటర్ ఏది అడిగినా అవునని కొట్టేయడం ఆయన అలవాటు. ఆయనదేమిటి, చుట్టుపక్కల స్టూడియోల వాళ్లందరిదీ అదే అలవాటు. పాత సాఫ్ట్‌వేర్లతో నెట్టుకొచ్చేవాళ్లు అడ్డం వచ్చిన ప్రతి ప్రశ్నకూ ఎస్ కొట్టి దాటిపోతారు, చదవరు. ఆయన వేలు వై అక్షరం మీద ఉండగానే అరుంధతి మణికట్టు పట్టుకుంది.

"ఆగు బావా. ఏమంటుందో సూడనియ్యి."

తెర మీద ఉన్నదాన్ని ఆమె పైకి చదివి తెలుగులో చెప్పింది. కొత్త ప్రాసెసర్ వచ్చింది. పాత ప్రాసెసర్‌తో కలిసి దాచుకున్న గుర్తులు నా దగ్గర ఉన్నాయి. చెరిపేయమంటే వై నొక్కు. ఉంచమంటే ఎన్ నొక్కు. డిస్కుకు తాళం ఉంటే మాత్రం, చెరిపేశాక అది మళ్లీ తెరుచుకోదు.

తాళం ఎవరు వేసిన్రు అన్నాడు హర్షిత్. కంప్యూటర్ కొన్నప్పుడు అన్నీ ఎక్కించి ఇచ్చినవాడికి కూడా తెలిసి ఉండదని, కొత్త కంప్యూటర్లు తమంతట తామే వేసుకుంటాయని అరుంధతి చెప్పింది. ఎన్ నొక్కింది. నీలం తెర వచ్చి, తాళం తీయడానికి బారెడు పొడుగు సంఖ్య అడిగింది. అది ఎక్కడుందో హర్షిత్‌కు తెలియదు, అలాంటిది ఒకటుందనే తెలియదు. పాత ప్రాసెసర్ తిరిగి వస్తే తప్ప ఈ పెట్టె నోరు విప్పదు. వై కొట్టి ఉంటే అది వచ్చినా విప్పేది కాదు. హర్షిత్ తన వేలిని తానే కొత్తగా చూసుకున్నాడు.

ఎల్లక్కకు ఆ మాటల్లో ఏం అర్థమైందో గాని, "పాతదాన్ని గుర్తుపట్టి తెరుస్తదన్నట్టు" అని తలూపింది.

పౌడర్ డబ్బా పక్కన పడేసిన పాత ప్రాసెసర్‌ను తీసి తిప్పి చూశారు. అప్పుడు కనిపించింది, పొద్దున నవ్వినదాని ఫలితం. ప్రాసెసర్ అడుగున వెంట్రుకంత సన్నటి బంగారు రంగు ముళ్లు, నారుమడిలా ఒత్తుగా. ఒక మూల వరస మొత్తం ఒరిగిపోయి ఉంది, ఆ మడిలో ఎడ్లు దిగి తొక్కినట్టు. ఒక్కటి విరిగినా పని అయిపోయినట్టే.

హర్షిత్ దాన్ని అందిస్తే అరుంధతి అరచేతిలో పట్టుకుంది. చీర కుచ్చిళ్ల దగ్గరి పిన్నీసు తీసింది. ఎల్లక్క లేచి వచ్చి, అడగకుండానే ఫోన్ టార్చి వెలిగించి పట్టుకుంది. ఆమె ఊపిరి అరుంధతి మెడ మీద చల్లగా తగులుతోంది. ఒక్కో ముల్లు కింద పిన్నీసు మొన పెట్టి, లేపీ లేపనట్టు లేపాలి. ముళ్లు లేచాయి. వరస కుదిరింది. కొత్త దాన్ని తీసేసి పాతది గూట్లో పెట్టి చూస్తే, నొక్కకుండానే, తన బరువుకు తానే దిగిపోయింది. దాని ఇంటికి అది పోయినట్టు.

స్విచ్ వేశారు. కంప్యూటర్ ఏమీ అడగలేదు. తెర మీద వాళ్ల పెళ్లి ఫోటో వచ్చింది, అరుంధతి తల మీద జీలకర్ర బెల్లం, కళ్లలో నీళ్లు, నవ్వు. హర్షిత్ ఊపిరి వదిలి, ఫ్రేము కట్టే దుకాణం మూసేయకముందే అద్దం కోయించుకొస్తానని వానలోనే ఉరికాడు. ఫోటో తెరిచి అక్కకు చూపిస్తుండమన్నాడు.

అరుంధతి భద్రమ్మ పేరున్న ఫైలు తెరిచింది.

తెర నిండా మొహం. ముడతలు, పలుచటి పెదవులు, పెద్ద బొట్టు. గడ్డం కింది గుడ్డ లేదు, పత్తి లేదు. కళ్లు తెరిచి ఉన్నాయి. సూటిగా అరుంధతినే చూస్తున్నాయి.

ముందు ఆమెకు భయం వేయలేదు. ఎవరో బాగా తెలిసిన మనిషి పలకరించినట్టనిపించింది. ఎవరా అని వెతుక్కుంటూ దగ్గరికి వంగింది. ఎడమ కంటి తెల్లగుడ్డులో, ముక్కు వైపు, నువ్వు గింజంత గోధుమ రంగు మచ్చ ఉంది. పొద్దున అద్దంలో కాటుక పెట్టుకున్నప్పుడు ఆ మచ్చను ఆమె చూసింది. పుట్టినప్పటి నుంచీ చూస్తూనే ఉంది.

చెయ్యి తనంతట తానే ఫోటోను పెద్దది చేసింది. ఒక్క కన్ను తెరంతా నిండింది. నల్లగుడ్డులో వరసగా చిన్న చిన్న దీపాలు, పందిరి గుంజలకు చుట్టిన రంగు బల్బులు. వాటి మధ్య గోరంత మనిషి, తలకు పాగా, మొహానికి అడ్డంగా కెమెరా. తన పెళ్లిలో, పీటల మీద నుంచి లేచి, పురోహితుడు వద్దంటున్నా కెమెరా లాక్కుని పెళ్లికూతురు ఫోటో తానే తీసిన పెళ్లికొడుకు. ఊరంతా నవ్వింది ఆ రోజు. ఆ పందిరి ఇప్పుడు చచ్చిపోయిన ముసలామె కంట్లో వెలుగుతోంది. ఆమె ఆ పెళ్లి చూస్తోంది.

అరుంధతి కుర్చీ వెనక్కి జరిపింది. కళ్లు ఆమెతో పాటే జరిగాయి. అవి తనవే గనుక జరగక ఏం చేస్తాయి అనిపించి, ఆ ఆలోచనకే వెన్ను మీద చీమలు పాకాయి.

తల తుడుచుకుంటూ వచ్చిన హర్షిత్ గడపలోనే ఆగిపోయాడు. ఆయన మొహం చూడగానే ఆమెకు అర్థమైంది, తన కళ్లు పెట్టిన సంగతే ఆయన మరిచిపోయాడని. బెంచీ మీది ఎల్లక్కకు వినబడకుండా, తడబడుతూ చెప్పాడు. చావు నాడు ఎల్లక్క కళ్లు ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉన్నాయి, అవి పనికిరాలేదు. ఇంకో బిడ్డ లేదు, కొడుకు లేడు. ఆషాఢం, ఇంట్లో ఒక్కడే, ఎదురుగా ఆమె ఫోటో. ఆ వెలుగు సరిపోయింది, ఆ కోణం సరిపోయింది. ఆమె కళ్లతో పని చేస్తుంటే ఆమె దగ్గరున్నట్టే ఉండిందట. చెడ్డగా తలచలేదన్నాడు.

ఆ మాటకు ఇంకో రోజైతే అరుంధతి కరిగిపోయేది. ఇవాళ రేపటి పెద్దకర్మ కనిపించింది. గోడ మీద ఈ మొహం, మెడలో దండ, ముందు దీపం, పొగ. ఆ పొగలో నుంచి తాను చూస్తూ ఉంటుంది, ఏళ్ల తరబడి, ఆ ఇంట్లో ఎవరున్నా ఎవరు లేకున్నా. తెర మీద మొహం వైపు చూడకుండా ఎల్లక్క వైపు చూసింది. ఆమె కోసమే కదా ఇంత చేసింది. ఏమీ చెప్పకుండా ప్రింటు తీసిచ్చేస్తే ఆమెకు తల్లి దక్కుతుంది. ఇదొక్కటే ఉంది. హర్షిత్ పాత దాన్ని దాచకుండా దాని మీదే మార్చేశాడు, మూసిన కళ్ల ఫోటో ఇక ఎక్కడా లేదు.

ఎల్లక్క అప్పటికే తెర దగ్గరికి వచ్చింది. తల్లి గదువ మీద, పెదవుల మీద వేలు పెట్టి చూసుకుంది. ఆమె పెదవులు కదిలాయి. తర్వాత కళ్ల దగ్గర వేలు ఆగింది. మెల్లగా తల తిప్పి అరుంధతి మొహంలోకి చూసింది. మళ్లీ తెర, మళ్లీ అరుంధతి.

"తమ్మీ," అన్నది హర్షిత్‌తో, గొంతు ఎత్తకుండా. "పారాణి ఆరని పిల్ల కండ్లు తెచ్చి దండ కింద పెడ్తవా? నీకు పెండ్లాం మీద పావురమున్నదా, పగ ఉన్నదా?"

అరుంధతి ఏదో అనబోయింది, ఫరవాలేదనో, తీసుకుపోమనో. ఎల్లక్క వద్దన్నట్టు చెయ్యి ఊపింది. ఈ పిల్ల కండ్లు గుంజుకుంటదా మా అవ్వ, గంతటిది గాదన్నది. తన కళ్లు ఇప్పుడు వాపు తగ్గాయి గదా, అవే తీయమన్నది. నీలం గుడ్డ ముందు స్టూలు మీద తానే వెళ్లి కూర్చుంది.

హర్షిత్ కెమెరా తీశాడు. ఫ్లాషు వెలిగింది. తెర మీద చూస్తే ఎల్లక్క కళ్లు మూసి ఉన్నాయి. ఫ్లాషుకు అందరూ మూస్తారు. ఇంకోటి తీశాడు, మూసి ఉన్నాయి. ఫ్లాషు తీసేసి, లైట్లు రెండూ వేసి తీశాడు. మూసి ఉన్నాయి. క్లిక్కుమనే చప్పుడుకేమోనని అరుంధతి తన ఫోన్‌తో చప్పుడు లేకుండా తీసింది. ఎల్లక్క కళ్లు పెద్దవి చేసుకుని తననే చూస్తుండగా, ఎప్పుడు తీస్తున్నదీ చెప్పకుండా తీసింది. తీసిన దాంట్లో కళ్లు మూసి ఉన్నాయి. మూత పడ్డ రెప్పలు, నిబ్బరంగా, నిద్రలో ఉన్నట్టు.

"నేనైతే మూస్తలేను" అన్నది ఎల్లక్క.

వాన సన్నబడింది. ఎల్లక్క స్టూలు మీద నుంచి దిగి వచ్చి ఆ ఫోటోలన్నీ వరసగా చూసింది. అన్నిట్లోనూ ఒకటే మొహం. అరుంధతికి అందులో ఎల్లక్క కనిపించలేదు. ముడతలు లేని భద్రమ్మ కనిపించింది.

చాలాసేపు చూశాక ఎల్లక్క అడిగింది, ఈ మూసిన రెప్పలను అవ్వకు పెట్టొచ్చా అని. పెట్టొచ్చని అరుంధతి చెప్పింది. కానీ కండ్లు మూసిన ఫోటో గోడకు పెడితే ఊళ్లో ఏమంటారోనని హర్షిత్ గొణిగాడు.

"అననీ. బతికినన్నొద్దులు కెమెరా దిక్కు సూడని మనిషి, సచ్చినంక సూస్తదా? ఆనాడు నేనొచ్చేసరికి అవ్వ కండ్లు ఎవలో మూసిన్రు బిడ్డా. బిడ్డనుండంగ పరాయోళ్లు మూసిన్రు." కొంగుతో మొహం తుడుచుకుంది. "గిప్పుడు నేను మూస్తా."

హర్షిత్ కుర్చీలోంచి లేచి భార్యకు చోటిచ్చాడు. ఇది నువ్వే చెయ్యాలె అన్నట్టు మౌస్ ఆమె వైపు జరిపాడు. అరుంధతి ఎల్లక్క రెప్పలను జాగ్రత్తగా కోసి తెచ్చి భద్రమ్మ మొహం మీద ఉంచింది. ఒంటి రంగు కలిపింది. బిడ్డ రెప్పల మీద తల్లి ముడతలు గీసింది. ముందు కుడి కన్ను మూసింది. తర్వాత ఎడమది. పందిరి దీపాలు ఒక్కొక్కటే రెప్ప కిందికి పోయాయి, పాగా కట్టిన మనిషి పోయాడు, నువ్వు గింజంత మచ్చ చివరిదాకా ఉండి అది కూడా పోయింది. రెప్పల అంచులు కలిసిన ఆ క్షణం అంతా చీకటైంది. కరెంటు పోయిందనుకుంది అరుంధతి. కానీ ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఎక్కడో ప్రింటర్ కాగితం లాక్కుంటున్న చప్పుడు, హర్షిత్ అడుగుల చప్పుడు వినిపిస్తున్నాయి. చీకటి మాత్రం పోలేదు. ఎంతసేపో ఆమెకు తెలియలేదు.

గరుకు చెయ్యి ఒకటి ఆమె చెంప మీద ఆనింది. వేళ్లు వెచ్చగా ఉన్నాయి.

"అయిపోయింది బిడ్డా," అన్నది ఎల్లక్క దగ్గరగా. "ఇగ కండ్లు తెరువు."